గోడ మీది పిట్టలు

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండులోని లీడ్స్ నుండి తిరిగి వచ్చి నెల దాటినా, నువ్వు చూపించిన టెంపుల్ న్యూసామ్ భవనంలోని చైనా గది నా కళ్ళ ముందు నుండి కదలడం లేదు. 1806లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కానుకగా ఇచ్చిన ఆ చైనా గోడకాగితాన్ని ఆ ఇంటి యజమానురాలు లేడీ హెర్ట్‌ఫోర్డ్ ఇరవై ఏళ్ళు దాచి, 1827 ప్రాంతంలో గోడలకు అంటింపజేసిందనీ, అది చాలదనిపించి, అప్పుడే వెలువడుతున్న చిత్రకారుడు ఆడుబాన్ గారి అమెరికా పక్షుల చిత్రాల పుస్తకం నుండి పిట్టలను కత్తిరించి పూలకొమ్మల మధ్య అతికించిందనీ నువ్వు చెప్పినప్పుడు నా మనసు చివుక్కుమంది. చేత్తో రంగులు వేసిన అటువంటి పుస్తకానికి కత్తెర తగలడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అయితే, చైనా రేవుపట్టణం కాంటన్ పనివాళ్ళు ఎగుమతి కోసం చిత్రించిన ఆ కాగితాలలో ఒక పట్టీ మరొక పట్టీలా ఉండదు. వరుసగా అంటిస్తే తోట మళ్ళీ మొదటికి రాకుండా గది చుట్టూ సాగుతుంది. అతుకులు కప్పడానికీ, ఖాళీలు నింపడానికీ విడిగా కత్తిరించిన పూలూ పిట్టలూ అతికించడం ఆ పనిలో మొదటి నుండీ ఉన్నదే. ఆ విధంగా చూస్తే ఆమె చేసింది కొత్త పని కాదు, పిట్టలే కొత్తవి.

మన కవులు కోయిలను మామిడి కొమ్మ మీదే కూర్చోబెట్టినట్టు, చైనా చిత్రకారుడు కాకి జాతికి చెందిన మాగ్‌పై పిట్టను ప్లమ్ పూల మధ్య కూర్చోబెడతాడు. ఆ పిట్ట చైనా పేరులోనే సంతోషం అనే మాట ఉంది. అది కవిసమయం. ఆడుబాన్ పిట్ట అలా కాదు. వేటాడి తెచ్చిన పక్షిని తీగలతో నిలబెట్టి, అసలు కొలతలకు గీసినది అది. ఈ రెండు చూపులూ ఒకే కొమ్మ మీద వాలిన గది మరొకటి నేను చూడలేదు.

మన కోరమండల్ తీరం నుండి అటువంటి ఇళ్ళకే వెళ్ళిన కలంకారీ పరదాల మీద కూడా, రాతిగుట్ట నుండి లేచి వంపులు తిరిగే పూలచెట్టు ఉంటుంది. పెడనలో అచ్చుల మీద ఆ కొమ్మలను చూస్తూ పెరిగిన నాకు ఆ గోడ పరాయిదిగా తోచకపోవడానికి అదే కారణమేమో.

ఈసారి వెళ్ళినప్పుడు ఆ అమెరికా పిట్టల కాళ్ళను జాగ్రత్తగా చూడు. వాటి గోళ్ళు చైనా కొమ్మను నిజంగా పట్టుకున్నాయా, లేక పక్కన గాలిలో నిలిచాయా అన్నది నాకు వ్రాయి.

ఇట్లు,
అమ్మ