డ్యాష్‌బోర్డు మీటర్లు విప్పే ముందు

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

అంబాసిడరులో తాళం తిప్పి ఉంచితే పెట్రోలు ముల్లు, టెంపరేచరు ముల్లు రెండూ చివరి గీత దాటి పోతున్నాయనీ, మెకానిక్కు రెండు మీటర్లూ మార్చేయమన్నాడనీ వ్రాశావు. తొందరపడి మార్చవద్దు. బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. బండితో పుట్టిన మీటరును ఒకసారి పోగొట్టుకుంటే దానికి సరిజోడు దొరకడం కష్టం. పైగా రెండు మీటర్లు ఒకేసారి చెడిపోయాయంటే నాకు నమ్మకం కలగడం లేదు. మన బండిలో ఆ రెండింటికీ కరెంటు అందించేది ఒకటే స్టెబిలైజరు. ఆ చిన్న రేకు డబ్బా బ్యాటరీ కరెంటును తెంపి తెంపి పంపుతూ సగటున 10 వోల్టుల దగ్గర నిలుపుతుంది. దానికి ఎర్త్, అంటే బండి రేకుతో ఉండే కరెంటు సంబంధం, సరిగా అందకపోతే తెంపడం మానేసి వోల్టేజీనంతా మీటర్ల మీదికి వదిలేస్తుంది. మీ నరసాపురంలో సముద్రపు గాలికి ఎర్త్ స్క్రూ కింద తుప్పు పట్టడం వింతేమీ కాదు.

ముందుగా బ్యాటరీ నుంచి ఎర్త్ వైరు తీసెయ్యి. కరెంటు రాకపోకలు చూపే అమ్మీటరు వెనుక వైరులో ఫ్యూజు లేని కరెంటు ఉంటుంది కనుక స్పానరు పొరపాటున రేకుకు తగిలితే వైర్లు కాలిపోతాయి. తరువాత స్పీడోమీటరు కేబులు నట్టును చేత్తోనే వదులు చేసి, కేబులు విడివడ్డాకే మీటరును ముందుకు లాగు. ఆయిల్ ప్రెషరు మీటరుకు వెళ్ళేది వైరో, సన్నని గొట్టమో చూసుకో. గొట్టమైతే కింద గుడ్డ పరిచి, అది మడత పడకుండా విప్పాలి. ప్రతి వైరుకూ తెల్ల టేపు అంటించి అది ఏ మీటరుదో, ఏ టెర్మినలుదో వ్రాసిపెట్టు; ఫోనులో ఫోటో కూడా తీసుకో, కానీ దాన్నే నమ్ముకోకు, పాత వైర్ల రంగులు అన్నీ మట్టిరంగులోకి తిరిగి ఉంటాయి.

మీటర్లను వెనుక నుంచి బిగించే బ్రాకెట్టూ, స్టెబిలైజరు కూర్చునే చోటూ ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దు. ఇత్తడి టెర్మినళ్ళ మీద చిలుమును కూడా గీకెయ్యి. డయలు మీద మాత్రం వేలు పెట్టవద్దు, అంకెలు రాలిపోతాయి. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

తిరిగి బిగించేటప్పుడు స్టెబిలైజరును మొదట ఉన్న వైపుకే నిలబెట్టు, అడ్డంగా పెడితే లెక్క తప్పుతుంది. స్పీడోమీటరు కేబులు నలుచదరపు కొన దాని గుంటలో కూర్చున్నాకే నట్టు తిప్పు. మీటరు వైపు కొనకు గ్రీజు పూయకు, అది మెల్లగా పైకి పాకి మీటరులో చేరుతుంది. పరీక్షించే నెపంతో 12 వోల్టులు నేరుగా మీటరుకు ఇవ్వనే వద్దు.

బ్యాటరీ తగిలించి తాళం తిప్పాక ముళ్ళు నిదానంగా లేస్తాయి. లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగాలి గనుక అది సహజమే. అప్పటికీ చివరి గీత దాటితే స్టెబిలైజరే పోయినట్లు. ఆ సంగతి తెలియజేస్తే కొత్తది నేను ఇక్కడి నుంచి పంపుతాను.

ఇట్లు,
ఆశీస్సులతో
నాన్న