వాటర్‌లూ బల్ల మీద పులిమేక

లీడ్స్,
జూన్ 24

తాతయ్యకి నమస్కారాలు.

మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. తగ్గింది కదా అని మందులు మానేయకు.

మొన్న ఆదివారం పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా వాటర్‌లూ యుద్ధం ఆడాం. ఇక్కడ కొందరం హాలు అద్దెకు తీసుకుని పాత యుద్ధాలు బల్ల మీద ఆడతామని ఫోన్లో చెప్పాను కదా, అదే. పన్నెండు అడుగుల బల్ల, పచ్చ గుడ్డ, గుడ్డ కింద థర్మకోల్ దిబ్బలు. ఒక్కో సైనికుడు చిటికెనవేలి చివరి కణుపంత ఉంటాడు. చలికాలమంతా కూర్చుని 96 మంది ఫ్రెంచి రౌతులకు నేనే రంగులు వేశాను. టేపుతో అంగుళాలు కొలిచి దళాలను నడుపుతాం, దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి.

అసలు యుద్ధం 1815 జూన్ 18న, ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్‌కీ ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్‌కీ మధ్య జరిగింది. ముందు రాత్రంతా వాన. ఆ బురదలో ఫిరంగులు కదలవు, గుండ్లు ఎగిరి దొర్లకుండా దిగబడిపోతాయి. అందుకే నెపోలియన్ దాదాపు పదకొండున్నర దాకా ఆగాడు. ఆ ఆలస్యమే ఇంగ్లీషువాళ్ళకు తోడుగా బ్లూషర్ నడిపించిన ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైన్యం వచ్చి చేరడానికి టైమ్ ఇచ్చింది. ఎదుట ఉన్న వెల్లింగ్టన్ ఎవరో కాదు, 1803లో అస్సాయే దగ్గర మద్రాసు సిపాయిలను వెంటబెట్టుకుని మరాఠాలతో పోరాడిన ఆర్థర్ వెల్లెస్లీయే.

నాకు నెపోలియన్ కింది సేనాపతి, మార్షల్ ‘నే’ పాత్ర వచ్చింది. సాయంత్రం నాలుగు ప్రాంతంలో, శత్రువు వెనక్కి తగ్గుతున్నాడనుకుని, కాల్బలం తోడు లేకుండా వేల మంది రౌతులను గట్టు మీదికి తోలిన మనిషి. ఇదంతా చదివి ఎన్నిసార్లు విసుక్కున్నానో! అంత అనుభవం ఉన్నవాడు అలా ఎలా చేశాడా అని.

మా రిఫరీ ఇంగ్లీషు దళాలను కొన్నిటిని బల్ల మీంచి తీసేసి, అవి ఎక్కడున్నాయో ఎదుటి జట్టును కాగితం మీద రాసుకోమన్నాడు. నాకు ఖాళీ గట్టు కనిపించింది. కుడివైపు ప్రష్యన్లు దిగారు. నెపోలియన్‌గా ఆడుతున్నాయన పక్క గదిలో ఉన్నాడు, చీటీ పంపితే జవాబు రావడానికి ఒక వంతు ఆగాలి. టెన్షన్ ఎక్కువైంది. కథంతా తెలిసి కూడా, వాళ్ళు వెళ్ళిపోతున్నారనే అనిపించింది తాతయ్యా. రౌతులను పంపేశాను.

గట్టు దాటగానే చదరాలు కట్టి నిలబడి ఉన్నారు. నాలుగు వైపులా బయటికి తిరిగిన వరసలు, ముందు వరస మోకాళ్ళ మీద, తుపాకుల చివర కత్తులు. గుర్రం ఆ కత్తుల మీదికి పోదు. అప్పుడు ఆంజనేయస్వామి గుడి అరుగు మీద నువ్వు నేర్పిన పులిమేక గుర్తొచ్చింది. మేక వెనక చోటు ఖాళీగా వదలకు, అప్పుడు పులి దూకలేదు అనేవాడివి. సరిగ్గా అదే. అలా గుంపుగా ఉన్నవాళ్ళ మీదికి ఫిరంగులు దగ్గరికి తెచ్చి పేలిస్తే ఒక్క గుండుకే వరసగా పడతారు. నా ఫిరంగులు లోయ అవతలే ఉండిపోయాయి. ఆరుసార్లు దూకించాను. 96లో 61 మంది బల్ల దిగిపోయారు. నేను రంగులు వేసిన బొమ్మలను నా చేత్తోనే ఒక్కొక్కటీ తీసి పెట్టెలో పెడుతుంటే బాధేసింది. నిజంగా ఆ బురదలో పడిన మనుషులు, గుర్రాలు ఎన్ని వేలో కదా అనిపించింది. ఆ మార్షల్ మీద నాకున్న విసుగు ఆ సాయంత్రంతో పోయింది.

ఆట అయ్యాక రిఫరీకి పులిమేక సంగతి చెప్పాను. ఆయన వెంటనే కాగితం, పెన్సిల్ తెచ్చి పట్టం గీయమన్నాడు. మూడు పులులు, పదిహేను మేకలు అని చెప్పగలిగాను గానీ, మధ్య గీతలు నాకు సరిగ్గా రాలేదు. నువ్వు ఒక కాగితం మీద పెద్దగా గీసి, తమ్ముడితో ఫోటో తీయించి పంపు. వచ్చే ఆదివారం లోపు అయితే బాగుంటుంది.

నీ మనవడు