ఒసే బెల్లంముక్కా, వాడు అబద్ధం చెప్పలేదే!

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒసే బెల్లంముక్కా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, క్షమించు. వానాకాలం జ్వరాలతో వార్డు కిటకిటలాడిపోతోంది. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, తమ్ముడు మధురవాడకి ఇల్లు మారాడు, అత్తయ్య నిన్ను అడిగింది. కబుర్లు ఇంతే. పచ్చగొడుగు సంగతి చివర్లో రాస్తాను. ముందు ఇది విను, నీకు చెప్పేదాకా నాకు అన్నం సయించదు.

మా పిల్లల వార్డుకి ఓ కుర్రాడొచ్చాడు. పదిహేనేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. తల్లి చేపలమ్ముతుంది. వాడికి టైప్ 1 షుగరు. మీ మావయ్యకున్నలాంటిది కాదు. ఇందులో ఇన్సులిన్ తయారుచేసే కణాలే నాశనమైపోతాయి, బయటినుంచి ఇంజెక్షను పడకపోతే బతుకే లేదు. తెచ్చేసరికి రొప్పుతూ లోతుగా ఊపిరి తీస్తున్నాడు, నోటి దగ్గర మాగిన పండు వాసన. షుగరు బాగా పెరిగి ఒళ్ళంతా ఆమ్లం నిండిపోతే అలా ఉంటుంది. పిల్లల్లో ఇది మహా సున్నితమైన పని. మెదడు వాచే ప్రమాదం ఉంటుంది, సెలైను ఆచితూచి ఎక్కించాలి. ఇన్సులిన్ కొద్దికొద్దిగా పంపులో వెళ్ళాలి, గంటగంటకీ వేలు గుచ్చి చూడాలి, పొటాషియం మీద ఓ కన్నుండాలి. ఆ రాత్రంతా వాడి మంచం దగ్గరే నిలబడ్డాను. తెల్లారగట్ల కళ్ళు తెరిచి "ఆకలేస్తందక్కా" అన్నాడు చూడు, ప్రాణం లేచొచ్చింది.

అసలు సంగతి ఆ తర్వాతే. వాడికిలా అవడం మొదటిసారి కాదు. దాంతో అందరిదీ ఒకటే మాట, ఇంజెక్షన్లు ఎగ్గొడుతున్నాడని. హాస్టలువాళ్ళూ అదే, తండ్రీ అదే, మావాళ్ళలోనూ కొందరు అదే. వాడేమో "ఏస్కుంటన్నాను" అనేసి గోడవైపు తిరిగి పడుకుంటాడు. తల్లి పక్కన కూర్చుని "నిజం సెప్పు నాయనా, ఏటీ అన్ను" అని ఒకటే ఏడుపు.

నాకు వాణ్ణి నమ్మాలనిపించింది. నమ్మాక మరి కారణం వెతకాలి కదా! ఇంట్లో ఫ్రిజ్ లేదన్నారు. చేపల ఐసుపెట్టెలో పెడుతోందేమోనని గుండె గుభేలుమంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇంక పారెయ్యాల్సిందే. అడిగితే ఆవిడకి రోషమొచ్చింది. "నాకామాత్రం తెల్దా అమ్మా? తడిగుడ్డ సుట్టిన మట్టికుండలో పెడతన్నాను. ఆస్టల్‌కీ సిన్న కుండ అంపాను." సిరంజిలు చూశాను. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాకి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగుది. ఒకదానికొకటి మారితే డోసంతా తలకిందులే. అవీ సరిగ్గానే ఉన్నాయి.

అప్పుడు తల్లిని టీ తాగి రమ్మని పంపి కర్టెన్ లాగాను. ఆ వయసు పిల్లాణ్ణి అందరి ముందూ చొక్కా ఎత్తమంటే ఎత్తుతాడా? తొమ్మిదో తరగతితో వేగేదానివి, నీకు వేరే చెప్పాలా. "ఎక్కడ వేసుకుంటున్నావో చూపించు నాన్నా" అన్నాను. బొడ్డుకి కుడిపక్క చూపించాడు. కంటికేమీ కనపడలేదు. వేళ్ళతో మెల్లగా నిమిరితే, ఒసే, చర్మం కింద నిమ్మకాయంత గడ్డ! గట్టిగా, కదలకుండా. ఎడంపక్క ఇంకోటి, కొంచెం చిన్నది. రోజూ ఒకేచోట పొడుచుకుంటే అక్కడ కొవ్వు పేరుకుపోతుంది, అరిగిన సూదినే మళ్ళీ మళ్ళీ వాడితే మరీను. ఆ గడ్డలోకి వేసిన మందు రక్తంలోకి ఎప్పుడెళ్తుందో, ఎంతెళ్తుందో ఎవరికీ తెలీదు. వాడు వేసుకుంటున్నాడే! ప్రతిపూటా వేసుకుంటూనే ఉన్నాడు!

అక్కడే ఎందుకంటే, నొప్పి తెలీదట. "తొడకైతే పేంటు దించాలి కదక్కా. గదినిండా జనం. ఇక్కడైతే లైటు తీసేశాక చొక్కా కింద చెయ్యెట్టి ఏసేసుకోవచ్చు. సూదిగాడు అంటారక్కా నన్ను." ఆ మాటకి నాకు ఎంత కోపమొచ్చిందో! ఎవరి మీదంటే చెప్పలేను. అబద్ధాలకోరని ముద్ర వేయించుకున్నాడు గానీ ఇది మాత్రం ఎవరితోనూ అనలేదు.

డాక్టరుగారు స్వయంగా వచ్చి నిమిరి చూసి, "సారీ రా, నిన్ను నమ్మలేదు" అన్నారు వాడితో. ఆయన మీద గౌరవం పెరిగిపోయింది. అప్పుడే డోసు కూడా తగ్గించారు. మంచి చర్మంలో వేస్తే మందు పూర్తిగా పనిచేసి షుగరు పడిపోతుందని. తగ్గించినా ఆ రాత్రి 62 చూపించింది, చెమటలు, చేతుల్లో వణుకు. మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి, పదిహేను నిమిషాలాగి చూస్తే 94. హమ్మయ్య.

వాడికి మనిషి బొమ్మ గీసిచ్చాను, పొట్ట, తొడలు, జబ్బలు, పిరుదులు, పోటుకీ పోటుకీ వేలి వెడల్పంత ఎడం ఉండాలని. వాడు దాన్ని వైజాగ్ మ్యాపు చేసేశాడే! కుడి తొడ గాజువాక, ఎడమది పెందుర్తి, జబ్బ భీమిలి, గడ్డలున్నచోట ఎర్ర పెన్నుతో "నో ఎంట్రీ". పొద్దున్నే "అక్కా, ఈ వారం గాజువాకలో ఉన్నాను" అంటాడు. వార్డంతా నవ్వులే.

ఓరోజు లెనార్డ్ థాంప్సన్ కథ చెప్పాను. 1922లో టొరంటోలో ఇన్సులిన్ మొట్టమొదట తీసుకున్న పిల్లాడు, పదమూడు పద్నాలుగేళ్ళుంటాయి. జనవరి 11న ఇచ్చింది సరిగా శుద్ధి కాలేదు, పెద్దగా పనిచెయ్యలేదు. 23న శుద్ధిచేసింది ఇస్తే లేచి కూర్చున్నాడు. మనవాడు అంతా విని, "తర్వాత ఎన్నేళ్ళు బతికాడక్కా?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. అయినా నిజమే చెప్పాను, పదమూడేళ్ళు, న్యుమోనియాతో పోయాడని. వెంటనే ఎలిజబెత్ హ్యూస్ గురించీ చెప్పాను. అదే ఏడాది, దాదాపు అదే వయసులో మొదలుపెట్టిన పిల్ల, 73 ఏళ్ళు బతికింది. వేళ్ళమీద ఏదో లెక్కేసుకుని, "అయితే నేను 2080 సూస్తాను" అన్నాడు. ఏమనాలో...

ఒసే, మీ స్కూల్లో ఇలాంటి పిల్లలెవరైనా ఉంటే తలుపేసుకుని ఇంజెక్షను వేసుకునే చోటొకటి చూపించవే. క్లాసులో ఉన్నట్టుండి గ్లూకోజు బిళ్ళ నోట్లో వేసుకుంటే కసరొద్దు, ఆ నిమిషంలో వాళ్ళకది మందు. వాడి తల్లి శుక్రవారం హాస్టలుకి తోడు రమ్మంది, వెళ్తున్నాను. అక్కడివాళ్ళతో ఎలా మొదలెట్టాలో రాయి, నీకైతే టీచర్ల సంగతి తెలుసు. గురువారానికల్లా చేరాలి సుమా, నీ బద్ధకం నాకు తెలీంది కాదు. ఇక పచ్చగొడుగు విషయం, ఆరోజు పూర్ణా మార్కెట్లో

అయ్యో, ఆటో వచ్చేసింది, డ్యూటీకి టైమైపోయింది. దార్లో డబ్బాలో పడేస్తాను.

నీ
ఉప్పుచేప