ఈ ఎండాకాలమంతా నాటకాలే

చిట్టీ,

మొన్న ఫోన్లో సగమే చెప్పాను. నీకేమో ఆఫీసు కాల్ వచ్చి పెట్టేశావు. మిగతాదంతా వాట్సాప్‌లో టైపు కొట్టే ఓపిక నాకు లేదు. అందుకే కాగితం మీద రాసి ఫొటోలు తీసి పంపుతున్నాను, అక్షరాలు కుక్కినట్టున్నా చదువుకో.

నువ్వు లండన్‌లో చూసొచ్చిన ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ అనే పాటల నాటకం గురించి మీ నాన్నకి చెప్పాను, షాండ్లియర్, అదే ఆ వేలాడే దీపాల గుత్తి, జనం నెత్తి మీదికి దిగడం అదీ. "ఎప్పటి నుంచి ఆడుతోందట?" అన్నారు. 1986 నుంచి అన్నాను. "మన సురభి నాటకాల వాళ్లు 1885 నుంచి ఆడుతున్నారు. వాళ్లు మనుషుల్నే దింపుతారు పైనుంచి, దీపాలదేముంది" అని మళ్లీ పేపర్లో తల దూర్చారు. ఆయన సంగతి తెలుసుగా. నేనలా అనను, నాకూ ఆ ఆట చూడాలనే ఉంది. కానీ నువ్వన్న ఒక్క మాట అప్పటి నుంచి బుర్రలో తిరుగుతోంది. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వీసమెత్తు తేడా లేదు, అదే క్షణానికి అదే లైటు, అదే పాట, అదెంత గొప్పో అన్నావు. ఈ వేసవిలో నేను చూసిందంతా దానికి పూర్తిగా ఎదురు వ్యవహారం.

పగలు బయట కాలు పెట్టలేం. సాయంత్రమైతే ఇంట్లో గోడలే సెగలు కక్కుతాయి. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి అసెంబ్లీ దగ్గర దిగితే రవీంద్రభారతికి నడిచిపోవచ్చు. టాగూరు శతజయంతికి, 1961లో కట్టిన హాలు. చాలా నాటకాలకి టికెట్టే ఉండదు. మీ నాన్న మొదట్లో వచ్చింది మాత్రం ఏసీ కోసమే. ఇక, హాలు ఏదైనా, నిర్వాహకులు ఎవరైనా ఒకటే తంతు. కార్డు మీద ఆరు గంటలకని ఉంటుంది, తెర లేచేది ఏడున్నరకి. ఈలోగా జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల వారి తొలిపలుకులు, సన్మానాలు, శాలువాలు, మెమెంటోలు. ఒకచోట కిరీటం పెట్టుకుని సిద్ధంగా ఉన్న ధర్మరాజు పక్క వింగులోంచి తొంగిచూసి, చేతి గడియారం చూసుకుని, అది ఇంకా తియ్యలేదని గుర్తొచ్చి గబుక్కున తీసి జేబు కోసం వెతుక్కున్నాడు. ధర్మరాజుకి జేబెక్కడిది! ఏప్రిల్ 16 వీరేశలింగం గారి పుట్టినరోజు, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవం అంటారు. ఆ వారమైతే ఇక శాలువాల పండగే.

అసలు విషయానికొస్తాను. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ చూశాం, జనం మాటల్లో రాయబారం. నీకు వింతగా ఉండొచ్చు, ఒక్క ఆటలో కృష్ణులు ముగ్గురు. పడక సీనుకి ఒకడు, మధ్యలో ఒకడు, కౌరవసభకి ఇంకొకడు. మా ఊళ్లో శ్రీరామనవమి పందిళ్లలోనూ అంతే. మూడో కృష్ణుడి కోసం మీ తాతయ్య తెల్లవారుజాము దాకా నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునే వారు. అర్జునుడు అదే అర్జునుడు, కృష్ణుడు మాత్రం మారిపోతాడు. ఎవరూ ఇదేమిటని అడగరు. కథ ఎలాగూ అందరికీ తెలుసు. ఎవరెలా పాడతారో వినడానికే అక్కడ కూర్చున్నారు.

ఆ రోజు మూడో కృష్ణుడు డెబ్బై దాటిన మనిషి. బొజ్జ మీద పీతాంబరం నిలవడం లేదు, చెమటకి నీలం రంగు మెడ దగ్గర చారలు కట్టింది. ఇంకేం పాడతాడులే అనుకున్నాను. ‘జెండాపై కపిరాజు’ ఎత్తుకున్నాడు. మొదటిసారి అందరూ పాడినట్టే, బెదిరింపుగా, వేలు ఆడిస్తూ పాడాడు. చివర రాగం తీశాడు, చప్పట్లు పడ్డాయి. నా వెనక వరసలో ఎవరో "వన్స్‌మోర్" అని గట్టిగా అరిచారు. ముసలాయన దుర్యోధనుడి వైపు చూశాడు. దుర్యోధనుడు, నువ్వు నమ్మవు, కానిమ్మన్నట్టు తలూపాడు. రెండోసారి అదే పద్యం. ఈసారి వేలు లేవలేదు, గొంతు లేవలేదు. మాట వినని మేనల్లుడికి మేనమామ ఆఖరిసారి నచ్చజెప్పినట్టు, రాబోయేది తనకి ముందే కనపడుతున్నట్టు పాడాడు. పద్యం అదే, ఒక్క అక్షరం మారలేదు. మొదటిసారి యుద్ధం చేస్తామన్నాడు, రెండోసారి యుద్ధం వద్దురా అన్నాడు. మీ నాన్న నిద్రపోలేదు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇదంతా నడిపేది హార్మోనియం ఆయన. వేదిక కింద ఓ పక్కన కూర్చుని నటుడి పెదాల వంకే చూస్తుంటాడు. గాయకుడు రాగం సాగదీస్తే ఆయనా సాగుతాడు, ఊపిరి ఆగితే ఆ సందు నింపుతాడు, పద్యం మర్చిపోతే మొదటి మాట గొణుగుతాడు. దీని విలువ నాకు తెలిసింది మాత్రం గచ్చిబౌలిలో. కుర్రాళ్లు ఇంగ్లీషులో మ్యూజికల్ వేశారు, అచ్చం మీ వాళ్ల పద్ధతిలో. బట్టలు, డాన్సులు, లైట్లు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. సంగీతం మాత్రం రికార్డు చేసిన ట్రాకు. రెండో అంకంలో ఆ పిల్ల ఒక లైను వదిలేసింది. ట్రాకు ఆగదు కదా. తన పాట తనని దాటి ముందుకు పోతుంటే పాపం పట్టాలు తప్పిన దానిలా నిలబడిపోయింది. నాకైతే లేచి వెళ్లి ఆ పెట్టె కట్టేద్దామనిపించింది. తర్వాత పల్లవి రాగానే అందుకుంది, మంచి గొంతు. కానీ ఆ ఇరవై క్షణాలూ వేదిక మీద తనకి తోడు ఎవరూ లేరు.

అలాగని మనవాళ్లదంతా బంగారమని అనను. ‘సత్య హరిశ్చంద్ర’ కాటిసీను చూస్తే నీకు అర్థమవుతుంది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే అయినా ఆ సీనులో జాషువా గారి శ్మశానం పద్యాలు పాడకపోతే జనం ఊరుకోరు. అవి ఎంత మంచి పద్యాలో నీకు చెప్పక్కర్లేదు. కానీ ఆ హరిశ్చంద్రుడు ఒక్కో పద్యం చివర తీసిన రాగానికి హద్దూ పద్దూ లేదు. చచ్చిపోయి చంద్రమతి ఒళ్లో పడుకున్న లోహితుడు ఓర్చుకుని ఓర్చుకుని చివరికి ముక్కు గోక్కున్నాడు. హాలంతా కిసుక్కుమంది. ఏడవాల్సిన చోట నవ్విస్తే అది పిల్లాడి తప్పు కాదు. ఇక మైకుల గోల వేరే. వేదిక ముందు నేల మీద మూడు మైకులు పెడతారు. అందుకని ఎంత కోపంలో ఉన్న భీముడైనా దుశ్శాసనుణ్ణి వదిలేసి మైకు దగ్గరికి నడిచొచ్చి మనకి శపథం చెబుతాడు.

సురభి ‘మాయాబజార్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, బుడ్డోడు దీన్నే చూడాలి. కడప జిల్లా సురభి ఊళ్లో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆ కుటుంబాలే ఆడుతున్నాయి. వాళ్లలో బాబ్జీ గారికి, అంటే నాగేశ్వరరావు గారికి, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. మిగతా నాటకాల్లో మగవాళ్లే సత్యభామలూ చిత్రాంగులూ కట్టే రోజుల్లో వీళ్ల ఇంటి ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. స్థానం నరసింహారావు గారి సత్యభామని చూసిన మీ తాతయ్య "ఏ ఆడదీ అలా నడవలేదే" అనేవారు, అది వేరే సంగతి. సురభిలో నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని మెరుస్తాయి. తీగలు కనపడతాయా అంటే, వెతికితే కనపడతాయి. నా పక్క సీట్లో పిల్ల "అమ్మమ్మా, అదుగో దారం" అని చూపించింది కూడా. చూపించి, ఘటోత్కచుడు రాగానే ఆ అమ్మమ్మ కొంగులో దాక్కుంది. ఇక్కడ మాత్రం నీ లండన్ పద్ధతే, తెర వెనక తాడు లాగేవాడు క్షణం తప్పకూడదు.

వేరే ఏదో చిన్న బృందం అదే ఆట వేస్తే ఓ లడ్డూ సగం దారిలో తీగకి ఇరుక్కుపోయింది. ఘటోత్కచుడు నోరు తెరుచుకుని కాసేపు చూశాడు. రాలేదు. "నన్ను చూసి జడిసినట్టుంది" అని తనే నాలుగడుగులు వేసి, మెడ చాచి అందుకుని తినేశాడు. ఆ సాయంత్రమంతటికీ పెద్ద చప్పట్లు దానికే పడ్డాయి.

‘కన్యాశుల్కం’ కూడా చూశాం. 1892లో మొదట ఆడిన నాటకం, పూర్తిగా వేస్తే రాత్రి సరిపోదు కాబట్టి రెండు గంటలకి కుదించారు. పేకాట సీను ఎగిరిపోయింది, ఇక నేనేం చెప్పను. గిరీశం వేసిన కుర్రాడు సినిమా కమెడియన్‌లా గెంతాడు. మధురవాణి బాగుంది.

బంజారాహిల్స్‌లో లమాకాన్ అనే కళావేదికకి మాత్రం నువ్వే చెప్పావని వెళ్లాం. ఆ పెద్ద బండ పక్కన ఆరుబయట కూర్చుని, ఇరానీ చాయ్ తాగుతూ దక్కనీ ఉర్దూ నాటకం. నాకు సగమే అర్థమైంది. మీ నాన్న కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. దారంతా బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ గురించే. 1965లో మొదలైన ఆ నాటకాన్ని పెళ్లికి ముందు హైదరాబాద్‌లోనే చూశారట. గంపెడు పిల్లలున్న ఆ చిరుద్యోగి డైలాగులు మెట్రోలో పైకి చెబుతుంటే ఎదుటి సీటు ముసలాయన ఒకరు తర్వాతి డైలాగు అందించారు. ఇద్దరూ అమీర్‌పేట దాకా ఆడుకుంటూనే వచ్చారు.

నాకొక సందేహం తీర్చు. మీ దగ్గర వేదిక ముందు గుంటలో ఆర్కెస్ట్రా ఉంటుందన్నావు కదా, కర్ర పట్టుకున్నాయన నడిపిస్తాడని. నటి గొంతు ఆగితే ఆయన ఆగుతాడా, లేక ఆ గచ్చిబౌలి ట్రాకులా వెళ్లిపోతాడా? మీ నాన్న ఆగడంటారు, నేను ఆగుతాడంటాను. ఈసారి వెళ్లినప్పుడు వేదిక వంక కాకుండా ఆయన వంక చూసి చెప్పు. పందెం అరడజను బంగినపల్లి.

డిసెంబరులో మీరు వచ్చేసరికి సురభి ఆట ఎక్కడుందో కనుక్కుని పెడతాను. బుడ్డోణ్ణి ముందు వరసలో వద్దు, మంటలకి జడుసుకుంటాడు, నాలుగో వరస చాలు. అల్లుడుగారికి పద్యాలంటే విసుగని నాకు తెలుసు, ఆయన్ని బలవంతం చెయ్యకు. మాగాయ ఊరుతోంది, వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపిస్తాను.

అమ్మ