బుజ్జీ, రూట్ నువ్వే గీసుకో

బుజ్జీ,

నువ్వు పంపిన రూట్ ఫైల్ చూశాను. నువ్వూ నీ ఫ్రెండ్సూ ఇక్కడ ఫ్రాన్స్‌లో, ఫ్లేర్స్‌లో రైలు దిగి, మట్టిదారుల్లోనూ పోయే గ్రావెల్ సైకిళ్ల మీద లవాల్‌లో మన ఇంటిదాకా వస్తారన్నమాట. మంచి ఆలోచన. మీ అమ్మ టెన్షన్ సంగతి నేను చూసుకుంటాలే. కానీ ఆ గీత యాప్ గీసిందని చూడగానే తెలిసిపోతోంది తల్లీ. జనం ఎక్కువగా తొక్కిన రోడ్లన్నీ కలిపేసి, మట్టిదారి కనబడిన చోటల్లా ఒక ముక్క అతికించి, ఇదే గ్రావెల్ అనేసింది. మీరు చూడాలని వస్తున్న బొకాజ్ మాత్రం చాలావరకు ఆ గీతకి అటూ ఇటూ ఉండిపోయింది.

బొకాజ్ అంటే నీకు తెలుసనుకో, నీ ఫ్రెండ్స్ కోసం చెబుతున్నా. చిన్న చిన్న పచ్చిక పొలాలు, ఒక్కోదాని చుట్టూ మట్టిగట్టు, గట్టు మీద ఓక్, యాష్, హేజెల్ చెట్లూ, కింద ముళ్లపొదలూ. గట్టుకీ గట్టుకీ మధ్య తరతరాల బళ్లూ పశువులూ తొక్కి తొక్కి, వాన నీళ్లకి కోసుకుపోయి, పొలం కంటే కిందికి దిగిపోయిన దారులు, వీటినే ఇక్కడ షమాఁ క్రూ అంటారు. యానాం పక్కన డొంకదారుల్లో తిరిగి పెరిగినవాణ్ణి కాబట్టి నాకివి పరాయిగా అనిపించలేదు, అక్కడ తుమ్మ ఉన్నచోట ఇక్కడ హాథార్న్ ఉంటుంది, అంతే తేడా.

ఇప్పుడు అసలు సంగతి. రూట్ గీసేటప్పుడు రోడ్డు చూడకు, కంచెలు చూడు, అంటే ఆ చెట్ల గట్లే. ఫ్రాన్స్ మ్యాపులు వేసే ప్రభుత్వ సంస్థ ఐజీఎన్ వాళ్ల 'రెమోంతే ల్ తాఁ' సైట్ ఉంది కదా, అందులో ఒకే చోటుని ఒక పక్క 1950ల నాటి విమానం ఫోటోలోనూ ఇంకో పక్క ఇప్పటి ఫోటోలోనూ చూడొచ్చు. పాత ఫోటోలో ఎక్కడ చూసినా వలలా కంచెలే. కొత్త ఫోటోలో చాలాచోట్ల ఆ వల చిరిగిపోయి పెద్ద పెద్ద మళ్లు కనిపిస్తాయి. రెండింటిలోనూ జంట గీతలుగా మిగిలినవి చూసుకో, అంటే రెండు వైపులా కంచె ఉండి మధ్యలో దారి పోతున్నవి. వాటిని కలుపుకుంటూ పో. తర్వాత ఐజీఎన్ 1:25,000 మ్యాప్‌లో అది అందరూ వెళ్లే దారేనా, ఎవరి పొలంలోకైనా పోయి ఆగిపోతుందా అన్నది సరిచూసుకో. ఒక సాయంత్రం పడుతుంది, పట్టనీ.

కంచెలు ఎందుకు పోయాయంటే, రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వం చిన్న కమతాలన్నీ కలిపి పెద్ద ముక్కలుగా పంచింది, దాన్ని రెమాంబ్రమాఁ అన్నారు. ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని గట్లు తవ్వేశారు. 1950 నుంచి ఫ్రాన్స్‌లో దాదాపు 70 శాతం కంచెలు పోయాయని లెక్క. అదంతా పాత కథ అనుకుంటారు చాలామంది, కాదు. 2017 నుంచి 2021 దాకా కూడా ఏడాదికి సుమారు 23,500 కిలోమీటర్ల చొప్పున పోయాయని వ్యవసాయశాఖ రిపోర్టే చెప్పింది, కొత్తగా నాటేది అందులో చిన్న వంతు. 2023లో ప్రభుత్వం కంచెల కోసం ఒక పథకం పెట్టి 2030 నాటికి 50,000 కిలోమీటర్లు పెంచుతామంది. మంచిదే, కానీ నాటిన మొక్క గట్టు మీది ముసలి ఓక్ అవడానికి ఎన్ని తరాలు పడుతుందో ఆ కాగితాల్లో రాయరు కదా. సైకిల్ మీద ఇదంతా ఒంటికే తెలుస్తుంది. నెమ్మదిగా పోతూ ఉంటావు, గాలి ఊసే ఉండదు, ఒక్కసారిగా ఎదురుగాలి మొహాన కొడుతుంది. తలెత్తి చూస్తే అక్కడ కంచె ఉండదు.

ఆ గట్లు ఎంత గట్టివంటే 1944 వేసవిలో ఇక్కడికి ఉత్తరాన సెన్-లో అనే ఊరి చుట్టూ అమెరికన్ ట్యాంకులు వీటిని దాటలేకపోయాయి. ఎక్కబోతే ట్యాంకు ముక్కు పైకి లేచి పల్చటి అడుగుభాగం శత్రువుకి కనబడేది. చివరికి కర్టిస్ క్యూలిన్ అనే సార్జెంట్ పేరు మీద ఒక ఉపాయం పైకొచ్చింది. జర్మన్లు బీచ్‌ల మీద పాతిన ఇనుప అడ్డంకుల్నే కోసి, ట్యాంకు ముందు కొమ్ముల్లా వెల్డింగ్ చేసి, ఆ కొమ్ములతో గట్టుని పొడుచుకుంటూ పోయారు. నీకిది ఎందుకు చెబుతున్నానంటే, ట్యాంకుకే లొంగని గట్టు వెనక నుంచి వచ్చే ట్రాక్టర్ నీకు కనబడదు. వినబడుతుంది. కాబట్టి చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు వద్దు. సెప్టెంబర్ చివరంటే పశువుల మేతకి మొక్కజొన్న కోసే రోజులు, రోడ్డు వెడల్పంతా తనదే అన్నట్టు ట్రైలర్లు వస్తుంటాయి, మలుపుల్లో తడి మట్టి రాలి ఉంటుంది. పొలం గేటు దగ్గర పక్కకి తప్పుకుని ఒక చెయ్యి ఊపు, వాళ్లూ ఊపుతారు.

నేనైతే ఇలా పోతాను. ఫ్లేర్స్ నుంచి దోంఫ్రోఁకి. చివర్లో రాతిగుట్ట మీదికి ఎక్కాలి, కాళ్లు లాగేస్తాయి, పైన శిథిలమైన కోట ఉంది, అక్కడి నుంచి బొకాజ్ అంతా పరిచినట్టు కనిపిస్తుంది. యాప్ ఇక్కణ్ణుంచి మిమ్మల్ని నేరుగా పాత రైల్వే లైను మీద వేసిన సైకిల్ దారి, వువా వెర్త్ అంటారు, అది ఎక్కించి మాయెన్‌కి పంపేస్తోంది. తప్పుపట్టను, వానొచ్చినా బురద ఉండదు, వాలు కూడా తక్కువే. కానీ రైల్వే లైను కంచెల్ని కోసుకుంటూ పోయింది, కంచెల వెంట పోలేదు. అందుకని దోంఫ్రోఁ దగ్గర దాన్ని వదిలేసి పడమరగా పాసే వైపు తిరగండి. అది పియర్ చెట్ల దేశం. మీరు తోటల్లో చూసే మరుగుజ్జు చెట్లు కావు, ఇంత ఎత్తున పెరిగి కింద ఆవులు మేస్తుంటాయి. పువారే దోంఫ్రోఁ అని వాళ్ల పియర్ సారాయికి, సారాయి అంటే మీ అమ్మ తిడుతుంది, నురగ పానీయం అందాం, 2002లో ఏఓసీ, అంటే ఆ ప్రాంతం సరుకేనన్న అధికారిక ముద్ర, వచ్చింది, అందులో కనీసం 40 శాతం ప్లాఁ ద బ్లాఁ అనే రకం పళ్లే ఉండాలని నియమం. ఊరు కూడా 2016 నుంచి పేరులో పియర్ తోటని కలుపుకుంది. ఒక సీసా కొనుక్కురండి, తాగడం మాత్రం ఇంటికొచ్చాక.

పాసే నుంచి చిన్న దారుల్లో ఆంబ్రియేర్‌కి వచ్చి అక్కడ వువా వెర్త్ ఎక్కితే చాలు, మాయెన్ దాకా అదే. ఆ తర్వాత నది గట్టున, లాకుల పక్కనే, పూర్వం పడవల్ని గుర్రాలు లాగిన దారి లవాల్ దాకా తీసుకొస్తుంది. చదునుగా ఉంటుంది, అప్పటికి మీకు అదే కావాలి. రెండు రోజులు పెట్టుకోండి, ఒక్కరోజులో కొట్టేద్దాం అనే పోటీలు వద్దు.

టైర్లు 40 మిల్లీమీటర్లకి తగ్గొద్దు, ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ పూడ్చే సీలెంట్ కొత్తగా పోయించు. పక్షులు గూళ్లు పెట్టే కాలమని రైతులు మార్చి 16 నుంచి ఆగస్టు 15 దాకా కంచెలు కత్తిరించకూడదు. ఆ తర్వాత ట్రాక్టర్‌కి పొడవాటి చెయ్యి తగిలించుకుని బయల్దేరతారు, ఆ ముళ్లన్నీ దారి మీదే. ఒక్కోటి సూదంత ఉంటుంది. షమాఁ క్రూలో ముందురోజు వాన పడిందంటే సైకిల్ చేత్తో తోసుకు నడవండి, జారి పడి పళ్లు రాలగొట్టుకోవద్దు.

వేట కూడా మొదలై ఉంటుంది, ఆదివారమైతే మరీ, నారింజరంగు జాకెట్ వేసుకోండి. అడవి దారి దగ్గర వేట బోర్డు కనిపిస్తే చుట్టూ తిరిగి పోవడమే. దారికి అడ్డంగా తీగ కడితే అందులో కరెంటు ఉందనే అనుకో, గేటు తీస్తే మళ్లీ వెయ్యి. నీళ్లు అయిపోతే ఊరి శ్మశానం వెతుక్కో, సమాధుల మీది పూలకోసం కుళాయి ఉంటుంది, తాగకూడదని బోర్డు ఉంటే తప్ప పట్టుకోవచ్చు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కొట్లు మూసేస్తారు, సోమవారం చాలా ఊళ్లలో బేకరీ కూడా తెరవరు, కాబట్టి తిండి ముందే కొని సంచిలో వేసుకోండి. పొదల్లో కూర్చున్నాక రాత్రికి కాళ్లమీద పురుగు పట్టిందేమో చూసుకోండి, అది తీక్, లైమ్ జబ్బు తెస్తుంది, చూడగానే పీకెయ్యాలి.

తిరుగు రైలు టీజీవీ, ఆ హైస్పీడ్ రైలు, అయితే సైకిల్‌కి ఇప్పుడే రిజర్వేషన్ చూడు, దొరక్కపోతే విప్పి సంచిలో పెట్టాల్సిందే, ఆ సంచులు నా దగ్గరేం లేవు. రూట్ మార్చాక మళ్లీ పంపు. మాయెన్ దాటగానే మెసేజ్ పెట్టు, సెన్ జాఁ సుర్ మాయెన్ దాకా నేనూ సైకిల్ మీద ఎదురొస్తాను. వంట ఎంతమందికో అమ్మకి ముందే చెప్పాలి, మీలో చేపలు తిననివాళ్లు ఎవరో రాయి.

నాన్న