నా ట్రైలర్ వర్క్‌షాప్‌కి చేయి వేసిన అందరికీ

అందరికీ నమస్కారం. నిన్న ఇక్కడ టెక్సస్‌లో, ప్లేనోలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో పూజా మందిరం బిగించి వచ్చాను. రంపం, కంప్రెసర్, డ్రిల్లులు, బంక సీసాతో సహా అన్నీ వాళ్ళ డ్రైవ్‌వేలో ఆపిన ట్రైలర్‌లోనే, అంటే నా ట్రక్కు వెనక తగిలించుకుని లాగే బండిలోనే ఉన్నాయి. ఒక్క మేకు కోసం కూడా ఇంటికి పరిగెత్తలేదు. మూడు నెలల క్రితం ఇది ఖాళీ రేకు డబ్బా. దాన్ని వర్క్‌షాప్ చేసింది నేనొక్కణ్ణే కాదు, అందుకే ఈ పోస్టు.

ముందు మా పక్కవీధి పెద్దాయనకి థాంక్స్. రిటైరైన ట్రక్ డ్రైవర్. తెలుగు రాదు, మా అబ్బాయి ఇదంతా ఆయనకి ఇంగ్లీషులో చెబుతాడు. నేను కొన్నది 7 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న రెండు ఇరుసుల ట్రైలర్. సామానుతో కలిపి 7,000 పౌన్ల దాకా ఉండొచ్చు. ఆ అంకె చూసి ధైర్యం వచ్చి, దించుకోవడం సులువు కదా అని టేబుల్ సా, కంప్రెసర్, మేకుల పెట్టెలు అన్నీ వెనక తలుపు దగ్గరే పెట్టేశాను. డెంటన్ వైపు వెళ్తూ ఐ-35ఈ హైవే మీద 60 మైళ్ళ వేగం దాటానో లేదో, ట్రైలర్ ఊగడం మొదలైంది. దాని వెనక భాగం ఒకసారి ఎడమ అద్దంలో, మరుక్షణం కుడి అద్దంలో కనిపిస్తోంది. పక్క సీట్లో మా అబ్బాయి. కాలు గ్యాస్ మీంచి తీసేసి, ట్రక్కు బ్రేకు తొక్కకుండా, ట్రైలర్ బ్రేకు మీట ఒక్కటే చేత్తో నొక్కాను. నెమ్మదించి దారికొచ్చింది. ఆ మీట సంగతి వారం ముందు నాకు నేర్పింది ఆ పెద్దాయనే.

మర్నాడు ఆయన బాత్రూంలో బరువు చూసుకునే మెషీన్, ఒక దుంగ, ఇటుకలు పట్టుకుని వచ్చారు. ట్రక్కుకి ట్రైలర్‌ని తగిలించే హిచ్ మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే అలా ఊగుతుంది. అంత బరువుని ఆ మెషీన్ తట్టుకోదు. అందుకని దుంగ ఒక కొసని ఇటుకల మీద, రెండో కొసని మెషీన్ మీద ఆనించి, ఇటుకలకి ఒక అడుగు, మెషీన్‌కి రెండు అడుగుల దూరంలో ట్రైలర్ ముక్కుని దుంగ మీదకి దించారు. అప్పుడు మెషీన్ చూపినదాన్ని మూడుతో హెచ్చవేయాలి. 80 చూపింది, అంటే 240 పౌన్లు. ట్రక్ స్టాప్ వేబ్రిడ్జి మీద ట్రైలర్ మొత్తం 4,800 తూగింది. ఐదు శాతమే! ఎండలో ఇద్దరం బరువైనవన్నీ ఇరుసుల ముందుకి జరిపాం. మెషీన్ 200 చూపించేదాకా ఆయన ఇంటికి వెళ్ళలేదు.

కరెంటు పని ఇర్వింగ్ ఊళ్ళో ఉండే అన్నది. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య ఫ్యూజు లేకుండా వైరు బిగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. 2,000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడు మీద 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 ఆంప్స్ పైనే లాగుతుంది. వైరు రేకుకి ఒరుసుకుపోతే చుట్టూ ఉన్నవి చెక్క గోడలు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, లావుపాటి రాగి వైరు, వైరు దూరే ప్రతి కన్నానికీ రబ్బరు వాషర్ దగ్గరుండి పెట్టించారు. డబ్బులిస్తే తీసుకోలేదు. అన్నా, మీ పాపకి స్టడీ టేబుల్ నేనే చేస్తాను, కాదనకండి.

శనివారం క్రికెట్ మానుకుని వచ్చి గోడల్లో ఫోమ్ షీట్లు నింపిన తమ్ముళ్ళకి, ఆ మూడు శనివారాలూ పులిహోర, పెరుగన్నం పంపిన అక్కకి కూడా థాంక్స్.

మా నాన్న వడ్రంగి. ఆయన చిత్రిక నా దగ్గరుంది, పట్టుకునే చోట చెక్క నల్లగా నున్నబడిపోయింది. గోడకి ఏటవాలు పట్టీలు కొట్టి పనిముట్లు తగిలించాను కానీ, గతుకుల్లో అవి ఎగిరి కింద పడుతున్నాయి. తమ్ముళ్ళలో ఒకడు అన్నిటికీ గడియలు పెట్టి, నేను అడగకుండానే చిత్రికకి విడిగా ఒక గూడు చేశాడు. లోపల పాత జీన్స్ గుడ్డ అతికించాడు. నిన్న మందిరం తలుపు అంచు దానితోనే సాపు చేశాను.

పెద్దాయన తెచ్చిన దుంగ, ఇటుకలు మా గరాజ్‌లోనే ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఎవరైనా ట్రైలర్ కొంటే రోడ్డెక్కే ముందు ఒక్క ఫోన్ చేయండి, నేనే తీసుకొచ్చి తూచి పెడతాను.