హార్నెట్ తెలుగు నోట్సుకి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

కాలిఫోర్నియాలోని అలమీడా రేవులో మ్యూజియంగా ఉన్న పాత అమెరికా విమానవాహక నౌక యూఎస్ఎస్ హార్నెట్‌ని చూడటానికి, పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు పెద్దలు చాలామంది వెళ్తుంటారు. వాళ్ల కోసం మొదలుపెట్టిన తెలుగు నోట్సు పూర్తయింది. సాయం చేసినవాళ్లు పేర్లు వద్దన్నారు. ఎవరి వల్ల ఏం తెలిసిందో కూడా చెప్పకపోతే మాత్రం బాగుండదు.

మొదటి నమస్కారం ఓడ మీద గైడ్లుగా ఉన్న మాజీ నావికులకి. పైలట్ల గురించి ఎక్కడైనా దొరుకుతుంది, కింది ర్యాంకు రిజర్వు కుర్రాళ్ల (శాశ్వత ఉద్యోగులు కాకుండా అవసరానికి చేరినవాళ్ల) సంగతి కావాలని అడిగితే ఎంత ఓపికో! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో చేరినవాళ్లలో ఎక్కువమంది రిజర్వు వాళ్లే. వీ-6 అనే రిజర్వు విభాగంలో చేరితే యుద్ధం అయ్యేదాకా, ఆపైన మరో ఆరు నెలలు కట్టుబడి ఉండాలి. 1942 జీతాల చట్టం ప్రకారం సీమన్ సెకండ్ క్లాసు అనే కింది ర్యాంకు నావికుడికి నెలకి 54 డాలర్లు, సముద్రం మీద ఉంటే 20 శాతం అదనం.

విమానాలు ఎగిరి దిగే పై డెక్ మీద పని గురించి వాళ్లు చెప్పింది నోట్సులో ఎక్కువ చోటు తీసుకుంది. పసుపు జెర్సీ వాళ్లు విమానాన్ని ఎటు నడపాలో సైగ చేస్తారు, నీలం వాళ్లు తోస్తారు, ఆకుపచ్చ వాళ్లు దిగే విమానాన్ని ఆపడానికి డెక్‌కి అడ్డంగా కట్టిన తీగల దగ్గర ఉంటారు. విమానం దిగి తోక కొక్కెం తీగకి తగులుకోగానే దాన్ని కాస్త వెనక్కి దొర్లనిస్తారు. తీగ వదులైన ఆ క్షణంలో పక్కనున్న నడవలోంచి కొక్కెం మనిషి వంగి పరిగెత్తుకొచ్చి కొక్కెం విడిపిస్తాడు. ముందున్న తీగల అడ్డుకట్ట కిందికి వాలుతుంది, విమానం దాటగానే మళ్లీ లేస్తుంది. కొక్కెం బిగుసుకుపోయిందా, వెనకాల వచ్చే విమానాన్ని దిగనివ్వకుండా పంపేయాల్సిందే. కొక్కెం ఎగిరిపడి ఏ తీగకీ తగలకపోతే విమానం ఆ అడ్డుకట్టకి గుద్దుకుంటుంది. ప్రొపెల్లర్ పోయినా ముందు వరసగా నిలిపిన విమానాలు దక్కుతాయి. ఇప్పుడు ఓడ మీద కనిపించే ఏటవాలు రన్‌వే 1950లలో పెట్టింది, 1945లో డెక్కంతా తిన్నగానే ఉండేది. ఇది ముందే తెలియకపోతే అక్కడ నిలబడినా ఏమీ అర్థం కాదు.

పెట్రోలు భాగం సరిచూసినవారికి ప్రత్యేక ధన్యవాదాలు. హార్నెట్ తరహా ఓడలో విమాన పెట్రోలు 2 లక్షల గ్యాలన్లకి పైగా పట్టేది. పెట్రోలు తీసేకొద్దీ ట్యాంకులోకి సముద్రపు నీరు అడుగునుంచి వచ్చి చేరుతుంది, అందువల్ల పైన ఆవిరి పట్టే ఖాళీ మిగలదు. విమానాల్లో నింపడం అయ్యాక పైపుల్లో మిగిలింది లాగేసి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తారు. ఆ పని జరుగుతున్నంతసేపూ సిగరెట్ బంద్. ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకి 1942 మే 8న కోరల్ సముద్రంలో పోయిన అమెరికా విమానవాహక నౌక లెక్సింగ్టన్ చాలు. టార్పెడో దెబ్బలకి ఓడ మునగలేదు, మంటలు కూడా అదుపులోకి వచ్చాయి. కానీ చిట్లిన ట్యాంకుల్లోంచి కారిన పెట్రోలు ఆవిరి తర్వాత ఎప్పుడో అంటుకుని పేలింది.

విశాఖలో ఉండే ఒక రిటైర్డ్ ఇంజన్ రూమ్ పెద్దాయన మంచినీళ్ల లెక్క విడమరిచి చెప్పారు. సముద్రపు నీటిని కాచి తీసిన మంచినీళ్లు ముందు 8 బాయిలర్లకి, ఆ తర్వాతే మనుషులకి. అందులో ఉప్పు కలిస్తే గొట్టాల లోపల పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టినచోట వేడి నీటిలోకి దిగక గొట్టం కాలి పగులుతుంది. అందుకే స్నానమంటే ఒళ్లు తడుపుకుని, కుళాయి కట్టేసి, సబ్బు రుద్ది, మళ్లీ ఒక్కసారి తిప్పి కడుక్కోవడమే. నీళ్లు మరీ తక్కువైతే ఉప్పునీళ్లే గతి. వాటిలో మామూలు సబ్బు నురగ రాదు. పెద్దాయనా, మీ ఫోన్ బిల్లుకి మేమే బాధ్యులం!

అమెరికా నౌకాదళంలో పనిచేసిన తాతల వివరాలు వెతికేవాళ్ల కోసం రాసిన పేజీ ఒక లైబ్రేరియన్ గారి పుణ్యం. డెక్ లాగులో (ఓడ రోజువారీ చిట్టాలో) మామూలు నావికుల పేర్లు సాధారణంగా ఉండవు, మస్టర్ రోల్ (ఓడ సిబ్బంది హాజరు జాబితా) చూడాలి. అందులో పేరు, సర్వీసు నంబరు, ర్యాంకు, ఓడెక్కిన తేదీ ఉంటాయి. సొంత ఫైలు కావాలంటే సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రానికి ఫారం 180 పంపాలి. 1973లో అక్కడ కాలిపోయినవి సైన్యం, వాయుసేన ఫైళ్లు. నౌకాదళానివి ఆ మంటల్లో పోలేదు.

నావికుల్ని కొలువు నుంచి ఇంటికి పంపడానికి 1945 ఆగస్టులో పెట్టిన విడుదల పాయింట్ల లెక్క కూడా ఆవిడే కుదిర్చారు. వయసుకి ఏడాదికి అర పాయింటు, సర్వీసుకి నెలకి అర, పోషించాల్సిన కుటుంబం ఉంటే 10. మగ నావికులకి మొదట కావాల్సింది 44. 20 ఏళ్ల పెళ్లికాని కుర్రాడు 30 నెలలు చేసినా వచ్చేది 25. యుద్ధం ముగిసింది కదా అని మూట సర్దుకునే వీల్లేదన్నమాట.

చివరగా, మొదటి ప్రతి పట్టుకుని ఓడంతా తిరిగొచ్చిన గుంటూరు పిన్నిగారికి. ఆవిడ చెప్పాకే మొదటి పేజీలో ఇది చేర్చాం: మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు మెట్ల వైపు తిరిగి రెండు చేతులా పట్టుకుని దిగండి, చీర కుచ్చిళ్లు ముందే పైకి దోపుకోండి. మోకాళ్ల నొప్పులుంటే విమానాలు నిలిపే హ్యాంగర్ డెక్ మీదే తిరిగి చూడండి, అక్కడే బోలెడు ఉంది.